వెనక్కి వాలలేని వాళ్ల కోసం పళ్ల క్లినిక్: నల్గొండ జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

పళ్ల డాక్టర్ దగ్గర కుర్చీ ఎక్కగానే ఎవరికైనా మొదట వినపడే మాట "కొంచెం వెనక్కి వాలండి". బటన్ నొక్కుతాం, వీపు కిందికి దిగుతుంది, కాళ్లు పైకి లేస్తాయి, లైటు నోట్లో పడుతుంది, పని మొదలవుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఊళ్ల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఈ మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. వెన్ను వాలదు. మెడ వెనక్కి పోదు. మోకాళ్లు పూర్తిగా చాపలేరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్.

ఇన్‌క్లూజివ్ డిజైన్, హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ (ఎవరినీ వదిలేయకుండా, వాడే మనిషి అవసరం నుంచి మొదలుపెట్టి తయారుచేయడం) అనే మాటలు ఈ మధ్య డెంటల్ సదస్సుల స్లైడ్ల మీద బాగా కనిపిస్తున్నాయి. ఆ స్లైడ్లలో మామూలుగా ఒక వీల్‌చెయిర్ బొమ్మ, ఒక ర్యాంపు బొమ్మ ఉంటాయి, అంతటితో అయిపోతుంది. మా క్లినిక్‌లోనూ ర్యాంపు కట్టాం గానీ ఈ కేసులో దాని వంతు చాలా వెనక వస్తుంది. ముందు వచ్చినవి బాత్రూమ్, బస్సు టైము, ఆవాల దిండు. ఇక్కడ రాస్తున్నది ఒక్క పేషెంట్ కేసు కాదు, ఒక రకం ఒంటిని దృష్టిలో పెట్టుకుని ఒక చిన్న క్లినిక్ తన పనిని ఎలా మార్చుకుందన్న కేసు. మా నమ్మకం ఒకటే: కుర్చీకి మనిషి సరిపోకపోతే చార్టులో "పేషెంట్ సహకరించలేదు" అని రాయకూడదు, కుర్చీ పనికిరాలేదని రాయాలి.

జబ్బు గురించి కాస్త

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి నివేదిక 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. తర్వాత ఆ జబ్బుకి నల్గొండ పేరే పడిపోయింది, చివరికి పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని కూడా "నల్గొండ టెక్నిక్" అనే పిలుస్తారు, దాన్ని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణం. మా వైపు గ్రానైటు రాతి నేల, ఆ రాయిలో ఫ్లోరైడ్, చాలా చోట్ల బోరు లోతుకి పోయేకొద్దీ అది ఎక్కువ. చాలా ఊళ్ల బోర్లలో ఈ హద్దుకి ఎన్నో రెట్లు ఉండేది.

పళ్లకి జరిగే నష్టం చిన్నప్పుడే, ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపు జరిగిపోతుంది. గారపండ్లు అని ఊళ్లో పిలిచేది దాన్నే. ఎముకల లెక్క వేరు. ఆ నీళ్లు తాగినన్నాళ్లూ పేరుకుంటూనే ఉంటుంది, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు గట్టిపడతాయి, వెన్ను మొత్తం ఒకే కడ్డీలా అయిపోతుంది, మోచేతులు, మోకాళ్లు వంగిన చోటే ఆగిపోతాయి. కొందరికి మెడ దగ్గర వెన్నుపాము నలిగి కాళ్లలో బలం తగ్గుతుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల పళ్లలో తేడా మాకే కనిపిస్తోంది. కానీ అప్పటికే బిగుసుకుపోయిన వెన్ను నీళ్లు మారితే తిరిగి వదులవదు. వాళ్లందరూ ఇప్పుడు నడివయసు దాటి ముసలితనంలోకి వస్తున్నారు. ఆ వయసులో అందరికీ వచ్చేవే వీళ్లకీ వస్తున్నాయి: చిగుళ్లు జారడం, పళ్లు కదలడం, వేర్ల దగ్గర పుచ్చు. నోట్లో వింత జబ్బేమీ లేదు, ఉన్నదల్లా మన గదికి సరిపోని ఒళ్లు.

బస్టాండ్ నుంచి మొదలుపెట్టాం

మేము డిజైనర్లం కాదు. ఇద్దరు డెంటిస్టులం, ఒక అసిస్టెంట్, రిసెప్షన్‌లో ఒక అబ్బాయి, ఇంతే మా క్లినిక్. "మీకు ఇక్కడ ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఏం లేదు బిడ్డా, పన్ను పీకెయ్, పోతా." అందుకని అడగడం ఆపి చూడడం మొదలుపెట్టాం. పేషెంట్లు ఒప్పుకుంటే మా అసిస్టెంట్ బస్టాండ్‌కి ఎదురెళ్లి వాళ్లతో కలిసి నడిచి వచ్చేది, పని అయ్యాక మళ్లీ బస్సు ఎక్కించే దాకా ఉండేది. నేను వెళ్తే "డాక్టరమ్మా" అని సర్దుకుని నడుస్తారు, ఆమెతో అయితే మాట్లాడతారు. ఈ పనికి డాక్టర్ వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తేలినవాటిలో మొదటిది బస్సు. పొద్దున వచ్చే బస్సులో వచ్చి మధ్యాహ్నం బస్సుకి పోవాలి, అది తప్పితే సాయంత్రమే. ఆ బస్సు టైము దగ్గరపడగానే, లోపల తమ వంతు ఇంకా రాకపోయినా, లేచి వెళ్లిపోయేవాళ్లు. రిజిస్టర్‌లో మాత్రం "రాలేదు" అని పడేది. రెండోది తోడు. ఒంటరిగా రాలేరు కాబట్టి కొడుకో మనవరాలో కూలి మానుకుని రావాలి, పంటి నొప్పి కన్నా ఆ కూలి గురించే ఎక్కువ బాధపడతారు. "ఒక్క దినంల అయిపోతదా?" అన్నది వాళ్ల అసలు ప్రశ్న, మనం దానికి జవాబు చెప్పకుండా "మూడు సార్లు రావాలి" అని రాసి ఇస్తాం.

మూడోది మాత్రం మా ఎవరి ఊహలోనూ లేదు. వీళ్లలో చాలామంది ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తున్నారు. బస్టాండ్‌లో ఉన్నది కింద కూర్చునే లెట్రిన్, మా క్లినిక్‌లో ఉన్నదీ అదే. మోకాలు వంగనివాళ్లు, వంగితే లేవలేనివాళ్లు దాన్ని వాడలేరు. అందుకని నీళ్లు తాగరు, కొందరు తిండి కూడా మానేస్తారు, బీపీ మాత్ర, షుగర్ మాత్ర మాత్రం భక్తిగా వేసుకుని వస్తారు. అలాంటి ఖాళీ కడుపు మనిషికి మనం మత్తు ఇంజెక్షన్ ఇస్తాం, కళ్లు తిరుగుతాయి. కుర్చీలో కళ్లు తిరిగితే దానికి భయం అని పేరు పెట్టడం మా వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. భయం కాదు, దాహం.

కాబట్టి కొత్త పరికరాల కన్నా ముందు బాత్రూమ్ మార్చాం. ఎత్తు కమోడ్, రెండు పక్కలా పట్టుకునే స్టీలు కడ్డీలు, బయటికి తెరుచుకునే తలుపు, లోపల పడిపోతే బయట వినపడే గంట. ఇంటి ఓనర్‌తో నెలల తరబడి వాదన. మొత్తం మార్పుల్లో ఎక్కువ ఖర్చు దీనికే అయింది. పళ్ల క్లినిక్‌కి బాత్రూమ్ మీద ఇంత బిల్లేమిటని మా ఆడిటర్ రెండు సార్లు ఫోన్ చేశాడు. ఇప్పుడు ముందు రోజు ఫోన్ చేసినప్పుడు మా అసిస్టెంట్ చెప్పే మొదటి మాట: "తిని రా అవ్వా, నీళ్లు తాగి రా, ఈడ కుర్చీ లెట్రిన్ ఉంది."

నాలుగోది చూపు. నడుము వంగి, మెడ బిగుసుకున్న మనిషికి కనిపించేది నేల, ఎదుటివాళ్ల చెప్పులు. మన బోర్డులన్నీ తల పైన ఉంటాయి. బ్రష్ ఎలా చేసుకోవాలో చెప్పే రంగుల పోస్టర్ని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. రిసెప్షన్ కౌంటర్ ఛాతీ ఎత్తు, అవతల కూర్చున్న అబ్బాయికి వీళ్లు కనపడరు, తోడొచ్చిన మనిషే కనపడతాడు, దాంతో "ఈమెకేమైంది?" అని అతన్నే అడుగుతాడు. మార్పు చాలా చిన్నది, ఖర్చు దాదాపు లేదు: గుమ్మం నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి బాత్రూమ్ దాకా నేల మీద పసుపు పట్టీ పెయింట్ వేశాం. కౌంటర్‌లో ఒక పక్క తగ్గించి టేబుల్ చేశాం. డాక్టర్ మాట్లాడేటప్పుడు పేషెంట్ కన్నా కింద ఎత్తులో స్టూలు వేసుకుని కూర్చోవాలి, మొదటి ప్రశ్న పేషెంట్ కళ్లలోకి చూసి పేషెంట్‌నే అడగాలి. ఈ చివరిది రూలుగా గోడ మీద రాసి పెట్టినా మేమే తప్పుతూ ఉంటాం, తోడొచ్చినవాళ్లు ముందే మొదలుపెడతారు కాబట్టి.

రాత్రి ఎట్ల పండుకుంటవ్?

ఇక కుర్చీ. డెంటల్ కుర్చీ ఎప్పుడూ ఇలాగే పడుకోబెట్టేది అనుకుంటాం గానీ, పూర్తిగా వాలే కుర్చీ 1958లో అమెరికాలో వచ్చింది. అంతకుముందు పేషెంట్ నిటారుగా కూర్చునేవాడు, డెంటిస్టు నిలబడి వంగేవాడు. వాలే కుర్చీ వచ్చాక డెంటిస్టు కూర్చుని, పక్కన అసిస్టెంట్ ఉండి, నాలుగు చేతులతో హాయిగా పనిచేసే పద్ధతి స్థిరపడింది. మా నడుములు కాపాడింది అదే, దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. కానీ కూర్చోబెట్టి పనిచేయడం అసాధ్యమేమీ కాదని, ఒక తరం ముందు డెంటిస్టులందరూ అలాగే చేశారని గుర్తుంచుకోవాలి.

మెడ విషయంలో మాత్రం సరదా లేదు. బిగుసుకున్న మెడని హెడ్‌రెస్ట్ దాకా వంచాలని నెమ్మదిగా నొక్కినా ప్రమాదమే, లోపల వెన్నుపాము అప్పటికే ఇరుకులో ఉండొచ్చు. చేతులు తిమ్మిరెక్కుతాయా, నడకలో కాళ్లు బిగుసుకుంటాయా, ఈ రెండూ ముందే అడుగుతాం, అవునంటే న్యూరో డాక్టర్ అభిప్రాయం లేకుండా పన్ను ముట్టం. పోనీ మొత్తం మత్తు ఇచ్చి చేద్దామా అంటే అదీ తేలిక దారి కాదు, వంగని మెడలో శ్వాసగొట్టం వేయడం అనస్థీషియా డాక్టర్లకే పెద్ద టెన్షన్.

ఏ భంగిమలో కూర్చోబెట్టాలో పుస్తకం చెప్పదు. పేషెంట్‌కే తెలుసు, కానీ నేరుగా "మీకు ఎలా కూర్చుంటే బాగుంటుంది?" అంటే మొహమాటంతో "ఎట్లైనా సరే" అంటారు. పనిచేసిన ప్రశ్న ఇదొక్కటే: "రాత్రి ఎట్ల పండుకుంటవ్ అవ్వా?" దీనికి మాత్రం అందరూ వివరంగా చెబుతారు. కుడి పక్కకి తిరిగి రెండు దిండ్లు పెట్టుకుంటాననో, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాననో, నులక మంచం అయితేనే నిద్ర పడుతుంది, చెక్క మంచం మీద పట్టదనో. నులక మంచం మధ్యలో సాగి ఉంటుంది కాబట్టి వంగిన వెన్ను అందులో ఒదుగుతుంది. అంటే ఆ మనిషికి కావలసింది నిటారు కుర్చీ కూడా కాదు, తన వంపుకి ఒదిగే ఆసరా. తల వెనక ఖాళీ నింపాలి, నడుము వెనక ఖాళీ నింపాలి, మోకాళ్ల కింద ఎత్తు పెట్టాలి.

మొదట తువ్వాళ్లు చుట్టి పెట్టేవాళ్లం, పని మధ్యలో జారిపోయేవి. ఫోమ్ ముక్కలు పెడితే బరువుకి అణిగిపోయేవి. ఒక అవ్వ మా తంటాలు చూసి, "చంటిపిల్ల తలకింద ఆవాల దిండు పెట్టరా, అసొంటిది పెట్టు" అంది. మన ఇళ్లలో బాలింత గదిలో ఉండే దిండే. ఆవాలు తల ఆకారానికి జరిగి అక్కడే ఆగిపోతాయి, జారవు, అణగవు. పరుపులు కుట్టే అతనితో మూడు సైజుల్లో కుట్టించాం, పైన తుడిచేందుకు వీలుగా రెగ్జిన్ తొడుగు, దాని మీద ప్రతి పేషెంట్‌కీ కొత్త ప్లాస్టిక్ పొర. విదేశాల్లో ఇలాంటి పనికి గాలి తీసేస్తే బిగుసుకునే కుషన్లు దొరుకుతాయి, మంచివే, మా బడ్జెట్‌లో లేవు.

పళ్లు తీసే పద్ధతిలోనూ మార్పులున్నాయి. కింది పన్ను అయితే కుర్చీని బాగా దించి ముందు కుడివైపు నిలబడతాం, దవడని ఎడమ చేత్తో గట్టిగా కింద నుంచి పట్టుకుంటాం, ఎందుకంటే నొక్కే బలమంతా లేకపోతే మెడకి పోతుంది. రెండో పక్క పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెడితే నోరు తెరిచి ఉంచే శ్రమ తప్పుతుంది. బలం వాడే బదులు పన్నుని ముక్కలు చేసి తీస్తాం. పై పన్ను అయితే కుర్చీని పైకెత్తి అద్దంలో చూస్తూ చేయాలి, అసిస్టెంట్ తలని కదలకుండా పట్టుకోవాలి గానీ ఎటూ వంచకూడదు. నుదుటికి కట్టుకునే లైటు లేకుండా ఇది కుదరదు. వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్లని అందులోంచి లేపం, అక్కడే చేస్తాం, లేపి దింపడంలో జరిగే గాయాల కన్నా మా నడుము నొప్పి నయం.

ఆ నడుము నొప్పి మాట తేలిగ్గా అనలేదు. మనిషి కేంద్రంగా అన్నప్పుడు ఆ లెక్కలో డాక్టరూ, అసిస్టెంటూ ఉన్నారు. ఇలాంటి కేసులు వరసగా పెట్టుకోం, పొద్దున పూటే పెట్టుకుంటాం, మధ్యలో మామూలు కేసులు వేసుకుంటాం. పొద్దున పూట అన్నది బస్సు లెక్కకీ సరిపోయింది.

ఎక్స్‌రే సంగతి క్లుప్తంగా: దవడ మొత్తం తీసే ఓపీజీ మిషన్‌లో నిటారుగా నిలబడి మెడ చాపాలి, వంగిన భుజాలు తిరిగే చేతికి తగులుతాయి, కాబట్టి వీళ్లకి పనికిరాదు. ఎక్స్‌రే కోసం నోట్లో పెట్టే సెన్సర్ని వేలితో పట్టుకోమంటే మోచెయ్యి అందదు. అందుకే పంటితో కరిచి పట్టే హోల్డర్లు, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉన్న, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషన్.

నోట్లో నీళ్లు, మళ్లీ ఫ్లోరైడేనా అనే ప్రశ్న

డ్రిల్ తిరిగితే నీళ్లు వస్తాయి. పడుకున్న పేషెంట్ లేచి పక్కకి తిరిగి ఉమ్ముతాడు. మెడ తిరగని మనిషికి ఆ ఉమ్మే గిన్నె ఉన్నా లేనట్టే. నీళ్లు నోట్లో నిండి, ఎటూ పోయే దారి లేక, పొలమారుతుందని భయపడి వణికిపోతారు. గడ్డం కింద పెట్టుకునే చిన్న ట్రే, పెద్ద సక్షన్ గొట్టం కొంతవరకు పనిచేశాయి. అసలు మేలు నీళ్లే అక్కర్లేని వైద్యాలతో జరిగింది. 1980లలో టాంజానియాలో, కరెంటు లేని చోట్ల కోసం, ఏఆర్‌టీ అనే పద్ధతి పుట్టింది: చేతి పరికరాలతోనే మెత్తబడ్డ పుచ్చు గీకి, గ్లాస్ అయోనమర్ సిమెంటు నింపడం. మాకు కరెంటు ఉంది, మెడ కోసం వాడుకున్నాం. ఇంకోటి 38 శాతం సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్, చిన్న బ్రష్‌తో పుచ్చు మీద అద్దితే చాలాసార్లు అది ముదరకుండా ఆగుతుంది, ఇంజెక్షన్ లేదు, డ్రిల్ లేదు, ఏడాదికి ఒకటి రెండు సార్లు మళ్లీ అద్దాలి. ఆ సిమెంటు, ఈ మందు, ఫ్లోరైడ్ పేస్టుతో సహా, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తప్పనిసరి మందుల జాబితాలో చేరాయి.

వైద్యంగా చూస్తే ఈ పేషెంట్లకి ఇంతకన్నా సరిపోయేది లేదు. కానీ ఆ అద్దే మందు పేరులో ఫ్లోరైడ్ ఉంది. ఫ్లోరైడ్ వల్ల నడుము పోయిన మనిషికి, అదే పేరున్న సీసా చూపించి పళ్లకి పూస్తానంటే ఏమనుకోవాలి? "మళ్లా ఫ్లోరైడేనా డాక్టరమ్మా?" అన్నారొకరు, కోపంగా కూడా కాదు, వినలేదేమో అన్నట్టు. ఆయన పక్కనున్న కొడుకు లేచి నిలబడ్డాడు.

ఈ సందర్భంలో చాలామంది డాక్టర్లు "సిల్వర్ మందు" అని చెప్పేసి పని కానిస్తారని నాకు తెలుసు, ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఈ ఊళ్లకి ఇప్పటికే చాలామంది చాలా విషయాలు చెప్పకుండా దాచారు. మేము పేరు దాచం. చుక్క వేసి చూపిస్తాం: ఒంటికి నష్టం చేసింది ఏళ్ల తరబడి రోజూ బిందెల కొద్దీ తాగిన నీళ్లు, ఇక్కడ వాడేది ఏడాదికి ఒకటి రెండు సార్లు ఒక్క చుక్క, అదీ మింగకుండా పంటికి అద్దేది. ఆ చోటు నల్లబడుతుందని ముందే ఫోటోలో చూపిస్తాం. "ఎట్లాగూ గారపండ్లే, నల్లబడితే ఏంది?" అని వాళ్లంతట వాళ్లు అంటే సరే, మేము మాత్రం ఆ మాట వాళ్ల తరఫున అనుకోకూడదు. ముందు పళ్ల దగ్గర వద్దన్నవాళ్లు చాలామందే ఉన్నారు, 60 దాటినవాళ్లు కూడా, అది వాళ్ల మొహం.

కొందరు ఎంత చెప్పినా వద్దంటారు. అప్పుడు సిమెంటు ఒక్కటే వాడతాం, అందులోంచి కూడా కొద్దిగా ఫ్లోరైడ్ వస్తుందని అదీ చెబుతాం. దాన్నీ వద్దన్న ఒకరిద్దరికి పుచ్చు శుభ్రం చేసి మామూలు తాత్కాలిక సిమెంటు పెట్టి, తరచుగా చూస్తున్నాం. పేస్టు విషయంలోనూ అంతే. బఠానీ గింజంత పేస్టు పెట్టుకుని ఉమ్మేయమంటాం, ఉమ్మలేనివాళ్లయితే బ్రష్ మీద సన్నని పొర చాలంటాం, వేప పుల్లే వాడతానంటే మెత్తగా నమిలి వాడమంటాం. పేస్టు మీద యుద్ధం గెలిచి పేషెంట్‌ని పోగొట్టుకోవడం నాకు లాభం అనిపించదు.

చేతికి అందని బ్రష్

మోచెయ్యి వంగిన చోటే ఆగిపోతే బ్రష్ నోటి దాకా రాదు, వచ్చినా వెనక పళ్ల దాకా పోదు. "బ్రష్ సరిగ్గా చేసుకోవట్లేదు" అని రాసే ముందు చెయ్యి పైకెత్తమని చూడాలి, రెండు సెకన్ల పని. కరెంటు వైరింగ్‌కి వాడే పీవీసీ పైపు ముక్కలో బ్రష్ పిడి దూర్చి టేపు చుడితే పొడవు వస్తుంది. సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగితే పట్టు వస్తుంది. వేడి నీళ్లలో ముంచి బ్రష్ మెడ కొంచెం వంచితే కోణం వస్తుంది. ముగ్గురికి మూడు కొలతలు, కాబట్టి క్లినిక్‌లోనే పేషెంట్ చేతికిచ్చి, కత్తిరించి, మళ్లీ ఇచ్చి చూస్తాం. పైపు పొడవు ఎక్కువైతే బరువుకి చెయ్యి వణుకుతుంది.

ఎలాగూ చెయ్యి అందనివాళ్లకి ఇంకొకరు తోమాలి. ఇక్కడ ట్రైనింగ్ పుస్తకాలు రాసినవాళ్లకి మన ఇళ్లు తెలియవని అర్థమవుతుంది. "కేర్‌గివర్ రోజుకు రెండు సార్లు బ్రష్ చేయాలి" అంటాయి. ఇంట్లో ఉండేది కోడలు. మామ నోట్లో కోడలు వేలు పెట్టడం మా వైపు ఊళ్లో జరిగే పని కాదు, ఆమెకీ సిగ్గు, ఆయనకీ సిగ్గు, అత్త విషయంలో కూడా అంత సులువు కాదు. మేము ఇప్పుడు "ఇంట్లో నోరు తెరవడానికి మొహమాటం లేని మనిషి ఎవరు?" అని అడుగుతాం. చాలా ఇళ్లలో మనవడో మనవరాలో అవుతారు. వాళ్లని మరుసటిసారి తోడు తీసుకురమ్మంటాం, సెలవు రోజే అపాయింట్‌మెంట్ ఇస్తాం. పిల్లలకి నేర్పడం తేలిక, అద్దం, లైటు చేతికిస్తే వదలరు. ఎదురుగా నిలబడి తోమాలి, వెనక నుంచి తల ఒళ్లో పెట్టుకుని తోమే పద్ధతి వంగని మెడకి పనికిరాదు.

కట్టుడు పళ్ల దగ్గరా ఇదే సమస్య వేరే రూపంలో వచ్చింది. సెట్టు బాగా బిగుతుగా కుదిరితే డెంటిస్టుగా నాకు సంతోషం, కానీ మోచెయ్యి అందని మనిషి దాన్ని రాత్రి తీయలేడు, తీయకుండానే పడుకుంటాడు, చిగుళ్లు పుండు పడతాయి. ఇప్పుడు ల్యాబ్‌కి చెప్పి అంచున బొటనవేలు గోరు పట్టే చిన్న గాడి చేయిస్తున్నాం, బిగుతు కూడా ఒక మెట్టు తగ్గిస్తున్నాం. ల్యాబ్ అతను దాన్ని లోపం అనుకుని మొదటి సెట్టు గాడి పూడ్చేసి పాలిష్ పెట్టి పంపాడు.

ర్యాంపు, ఇంకా కుదరనివి

మా గుమ్మం రోడ్డుకి 45 సెంటీమీటర్ల ఎత్తు. ప్రమాణం ప్రకారం ఒక వంతు ఎత్తుకి 12 వంతుల పొడవు ఉండాలి, అంటే 5.4 మీటర్ల ర్యాంపు. ముందున్నది డ్రైనేజీ, ఆపైన రోడ్డు. గోడ వెంబడి మలుపు తిప్పి కట్టాం, మలుపులో వీల్‌చెయిర్ తిరగడానికి చదును వదిలాం, తలుపు 900 మిల్లీమీటర్లకి వెడల్పు చేశాం. ఎక్కువగా వాడేది ఫ్లోరోసిస్ పేషెంట్లు కాదు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ఆక్సిజన్ మిషన్ వాళ్లు, మా ప్లాస్టర్ పౌడర్ సంచులు మోసుకొచ్చే కుర్రాడు. ఆవాల దిండు కూడా అలాగే. నెలలు నిండిన గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే కళ్లు తిరగొచ్చు, కుడి తుంటి కింద అదే దిండు పెట్టి ఎడమకి కొంచెం వాల్చితే హాయిగా ఉంటుంది. పడుకుంటే ఆయాసం వచ్చే గుండె జబ్బువాళ్లని కూర్చోబెట్టి చేయడం ఇప్పుడు మాకు చేతి అలవాటైపోయింది.

వాట్సాప్‌లో రాత మెసేజ్‌లు ఎవరూ చదవలేదు, గొంతు రికార్డు చేసి పంపితే విన్నారు. మందుల చీటీ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేయడం పాత పద్ధతే, పనిచేస్తోంది.

కుదరనివి ఉన్నాయి. పై దవడ చివరి పళ్లకి కూర్చోబెట్టి రూట్ కెనాల్ చేయడం మాకు ఇంకా రాలేదు, చేసినా మాకే నమ్మకం లేదు. అలాంటి పన్ను చాలాసార్లు తీసేయడంతోనే ముగుస్తోంది, మెడ వంగే మనిషికైతే మిగిలేది. దీన్ని విజయాల ఖాతాలో వేయలేను. తోడొచ్చినవాళ్ల కూలి సమస్యకి ఒక్క రోజులో పని ముగించడం తప్ప మా దగ్గర జవాబు లేదు, అన్నీ ఒక్క రోజులో ముగియవు. పెన్షన్ కోసం సదరం సర్టిఫికెట్ క్యాంపుల చుట్టూ తిరిగి అలసిపోయినవాళ్లకి మా చార్టులో ఇంకో వైకల్యం కాలమ్ పెట్టడం కూడా నచ్చలేదు, అందుకే ఆ కాలమ్ తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాం: ఎట్ల పండుకుంటవ్, చెయ్యి నోటి దాకా వస్తదా, ఏ బస్సుకి పోవాలె.

దిండు కొలతలు కావలసిన డెంటిస్టుల కోసం: తల వెనకది 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, కిలోన్నర నుంచి రెండు కిలోల ఆవాలు. సంచి మూడింట రెండు వంతులే నింపండి, నిండా నింపితే ఆకారానికి ఒదగదు. లోపల మందపాటి కాటన్, రెండు వరసల కుట్టు, పైన జిప్పు ఉన్న రెగ్జిన్. వారానికోసారి లోపలి సంచి తీసి ఎండలో పెట్టాలి. వానాకాలంలో మా మొదటి దిండు వాసన పట్టింది, పురుగు కూడా పట్టింది, ఆవాలు ముందే బాగా ఎండబెట్టి నింపాక ఆ గొడవ తగ్గింది, అయినా ఏడాదికోసారి మార్చేయడం మంచిది. ఆవాల బదులు థర్మోకోల్ పూసలు వేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ పని మధ్యలో తల జరుగుతుంది, పళ్లు తీసే రోజున వాడకండి.